సియెమ్ రీప్: మీరెవరని ఎవరూ అడగలేదు

పిల్లలకు సేవ చేద్దామని కంబోడియా వెళ్లేవాళ్లు డబ్బు కట్టే ముందు మా అనుభవం చదవాలి. నేనూ మా చెల్లెలూ ఒక మధ్యవర్తి సంస్థకు మనిషికి 1,150 డాలర్లు కట్టాం. నాలుగు వారాల వసతి, భోజనం, విమానాశ్రయానికి కారు, సియెమ్ రీప్‌లోని ఒక అనాథాశ్రమంలో పని, అన్నీ అందులోనే అన్నారు. మూడో రోజుకే అక్కడి నుంచి బయటికి వచ్చేశాం. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

సియెమ్ రీప్ కొత్త విమానాశ్రయం 2023 అక్టోబరులో మొదలైంది. శుభ్రంగా, ప్రశాంతంగా ఉంది కానీ ఊరికి 40 కిలోమీటర్ల పైనే దూరం. 30 డాలర్ల పర్యాటక వీసా చాలని మధ్యవర్తి చెప్పాడు. కౌంటరులోని అధికారికి మేము ఉన్న విషయం చెప్పాం. సేవకు వచ్చినవాళ్లు సాధారణ వీసా తీసుకోవాలని ఓపిగ్గా వివరించి, 35 డాలర్లు తీసుకుని ముద్ర వేశాడు. పర్యాటక వీసాను ఒక్కసారి, అదీ ఒక్క నెలకే పొడిగిస్తారు. సాధారణ వీసాను ఇంకా ఎక్కువ కాలానికి పొడిగించుకోవచ్చు. ఎవరేం చెప్పినా ఆ అయిదు డాలర్లు ఆదా చేయకండి. నోట్లు మాత్రం మడత నలగనివి తీసుకెళ్లండి. అంచు కాస్త చిరిగిన మా 20 డాలర్ల నోటును ఆ కౌంటరులోనూ తీసుకోలేదు, తర్వాత ఊళ్లోనూ ఎవరూ ముట్టలేదు.

కారు రాలేదు. రెండు గంటలు నిలబడ్డాం. ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. చివరికి 35 డాలర్లకు టాక్సీ మాట్లాడుకున్నాం. చెల్లెలు దారి పొడవునా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది, ఒక్క మాట లేదు. తను చిన్నపిల్లల టీచరు. జీతం లేని సెలవు పెట్టి, నా మాట మీద వచ్చింది.

వసతి అంటే ఒక గదిలో ఎనిమిది మందికి అంతస్తుల మంచాలు, తిరగని ఫ్యాను, రెండు పూటలా అన్నమూ ఉడికించిన క్యాబేజీ. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది మర్నాడు ఉదయం చూశాం.

ఆశ్రమం గేటు బార్లా తెరిచి ఉంది. మమ్మల్ని పేరు అడగలేదు, పాస్‌పోర్టు అడగలేదు, ఏ పని చేస్తారనీ అడగలేదు. నేరుగా పిల్లల మధ్యకు పంపారు. పది నిమిషాలు గడవకముందే ఆరేళ్ల పాప ఒకతె నా ఒళ్లోకి ఎక్కి మెడ చుట్టూ చేతులు వేసింది. నా కళ్లు చెమర్చాయి. ఇందుకే కదా వచ్చాం అనుకున్నాను. అప్పుడు ఆ పాప ఇంగ్లీషులో అడిగింది: "ఎన్ని రోజులు?" నా పేరు కాదు, మా దేశం కాదు. ఎన్ని రోజులుంటావని. ఇంకో ఇద్దరు పిల్లలు చెల్లెలిని అదే ప్రశ్న అడిగారు. పదకొండు గంటలకు పర్యాటకుల వ్యాను వచ్చింది. పిల్లలు చెప్పకుండానే లేచి వరుసలో నిలబడి పాట పాడారు. పాట అయ్యాక చందా పెట్టె తిరిగింది. మధ్యాహ్నం మరో వ్యాను, మళ్లీ అదే పాట. ఆ పూట జరగాల్సిన పాఠం జరగలేదు.

ఆ రాత్రి చెల్లెలు నిద్రపోలేదు. "కొత్తవాళ్ల ఒళ్లోకి పది నిమిషాల్లో ఎక్కే పిల్లలది ప్రేమ కాదక్కా. వచ్చిన ప్రతివాళ్లూ వెళ్లిపోతుంటే నేర్చుకున్న అలవాటు అది" అంది. నాకు నచ్చలేదు, వాదించాను. తర్వాత కూర్చుని చదివితే తెలిసింది: కంబోడియాలో 2005, 2010 మధ్య అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. అప్పట్లో వాటిలో ఉన్న పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారట. చదువు దొరుకుతుందని పేదలు పిల్లల్ని పంపుతారు. మాలాంటి వాళ్లు కట్టే డబ్బు వస్తున్నంత కాలం ఆ పిల్లలు ఇళ్లకు తిరిగి వెళ్లరు. యూనిసెఫ్ ఏళ్లుగా ఈ మాట చెబుతూనే ఉంది. టికెట్లు కొనకముందు చదవాల్సింది.

డబ్బు తిరిగి అడిగితే వారం రోజులు తిప్పి మనిషికి 200 డాలర్లు ఇచ్చారు.

నది పక్క సందులో రోజుకు 14 డాలర్లకు ఒక అతిథి గృహంలో దిగాం. నడిపే ఆవిడను అందరూ 'మింగ్' అంటారు, అంటే పిన్ని. అక్కడి నుంచి మా రోజులు మారాయి. ఉదయం ఆరింటికే ఆవిడ వీధి చివర నుంచి నోమ్ బాన్ చోక్ తెప్పించేది: సన్నటి బియ్యపు సేమ్యా, నిమ్మగడ్డి వాసన వేసే పచ్చటి చేపల పులుసు, పైన అరటి పువ్వు తరుగు. గిన్నె 6,000 రియెల్, అంటే డాలరున్నర. రెండో గిన్నె తిన్నాక చెల్లెలు మూడు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

మింగ్ కొడుకుకు ఆరేళ్లు. నాలుగు రోజులు తలుపు వెనక నుంచే చూశాడు. అయిదో రోజు పలక పట్టుకుని మాకు మూరెడు దూరంలో కూర్చున్నాడు. వాడి అక్షరాలు చూసి మాకు ఒళ్లు పులకరించింది. మన తలకట్టులాగే వాటికీ నెత్తిన గీత ఉంది, దాన్ని వాళ్లు 'జుట్టు' అంటారు. మన వత్తుల్లాగే కింద రాసే హల్లును 'కాలు' అంటారు. పల్లవుల లిపి నుంచి పుట్టిన అక్షరాలు అవి. రెండు, మూడు అంకెలైతే మన తెలుగు అంకెల్లాగే కనిపించాయి. వాడు తల్లి పిలవగానే పలక వదిలి పరుగెత్తాడు. ఆ పరుగు చూశాక చెల్లెలితో మళ్లీ వాదించలేదు.

మింగ్ చెప్పగా ఒక చిన్న బడికి వెళ్లాం. గేటు మూసి ఉంది. లోపలికి రానివ్వడానికే రెండు రోజులు పట్టింది. పోలీసు ధ్రువపత్రం అడిగారు, చెల్లెలి బడికి ఫోను చేశారు, పిల్లల ఫొటోలు తీయబోమని సంతకం చేయించుకున్నారు. మూడు నెలలకు తక్కువ ఉండేవాళ్లను తరగతిలోకి పంపరు. మాకు అన్ని రోజులు లేవు. "మీరు వెళ్లిన మర్నాడు ఆ పాఠం ఎవరు చెబుతారు?" అని నిర్వాహకురాలు అడిగింది. ఇంత దూరం వచ్చి ఇలాంటి మాట పడాలా అని నేను ముఖం ముడుచుకున్నాను. చెల్లెలు మాత్రం తేలికపడింది. సాయంత్రాలు ఇద్దరు స్థానిక ఉపాధ్యాయినులతో కూర్చుని బొమ్మల కార్డులతో ఇంగ్లీషు పాఠాలు తయారు చేస్తానంది. వాళ్లు ఒప్పుకున్నారు. నేను గ్రంథాలయం పుస్తకాలకు చీటీలు అంటించాను. పైసా తీసుకోలేదు, మధ్యాహ్నం భోజనం వాళ్లే పెట్టారు.

ఆంగ్‌కోర్ ఆలయాలకు మూడు రోజుల టికెట్టు 62 డాలర్లు. తప్పక చూడాలి.

తిరుగు ప్రయాణం సోమవారం ఉదయం. అదే రోడ్డు, అదే పొలాలు. తొమ్మిది దాటాక చెల్లెలు గడియారం చూసుకుని, "ఈపాటికి మూడో కార్డు దగ్గర ఉంటారు" అంది.