పజిల్ సిగరెట్ కార్డులు: వంద చిట్కాలా, 48 ముక్కల దొరా, ఏది మేలు?

1940లో యుద్ధం వల్ల కాగితం కొరత వచ్చి ఆగిపోయేదాకా బ్రిటన్‌లో సిగరెట్ ప్యాకెట్‌తో పాటు ఒక బొమ్మకార్డు వచ్చేది. వాటిలో పజిళ్ల మీద మనసు పడ్డవాళ్లు ముందు ఒకటి తేల్చుకోవాలి. ఏ కార్డుకా కార్డు విప్పుకునేవి కావాలా, అన్నీ చేరితే తప్ప బొమ్మ కట్టనివి కావాలా?

మొదటి రకానికి గాలహర్ కంపెనీ 1913లో ఇచ్చిన ‘ట్రిక్స్ అండ్ పజిల్స్’ చూడండి. మొత్తం వంద కార్డులు. ముందు బొమ్మ, వెనక వివరం, జవాబు. అగ్గిపుల్లలు, నాణేలు, గ్లాసులు ఉంటే చాలు, ఇంట్లో కూర్చుని చేసేయొచ్చు.

రెండో రకం విల్స్ వాళ్లు 1931లో ఇచ్చిన ‘లాఫింగ్ కవలియర్’, అంటే నవ్వే దొర. (మనకు విల్స్ అంటే నేవీ కట్ పెట్టే గుర్తొస్తుంది, ఆ విల్సే.) 1624లో డచ్ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ వేసిన చిత్రాన్ని 48 ముక్కలు చేశారు. అసలు చిత్రం లండన్‌లోని వాలెస్ కలెక్షన్ మ్యూజియంలో ఉంది. విడిగా చూస్తే ఏముంది? ఒక కార్డులో మీసం కొస, ఇంకోదాంట్లో చేతి మీద కుట్టుపని, మరోదాంట్లో వట్టి టోపీ నలుపు. అన్నీ పేర్చాక మాత్రం దొర మనకేసి కొంటెగా చూస్తాడు.

కొనేటప్పుడు అసలు తేడా తెలుస్తుంది. అప్పట్లో చాలామంది కార్డుల్ని ఆల్బమ్‌లో జిగురుతో అంటించేశారు. పీకితే వెనక పొర లేచిపోతుంది. గాలహర్ కార్డుకు అది చావుదెబ్బ. జవాబు పోయాక ఇక పజిల్ ఎక్కడిది? కవలియర్‌కు అంత నష్టం లేదు, పేర్చాక వెనక్కి తిప్పి చూసేదెవరు? దానికి ప్రాణం అంచులు. ఎవరైనా కత్తెరతో కాస్త సాపు చేశారంటే గీతకు గీత కలవదు. పైగా రెండు మూడు చోట్ల ఏరి తెచ్చిన ముక్కలైతే వెలసిన రంగు ఒక్కోదానిది ఒక్కోలా ఉండి, ముఖం అతుకుల బొంతలా కనబడుతుంది.

అందుకే కవలియర్‌ను విడివిడిగా ఏరుకోవద్దు, సెట్టు మొత్తం ఒకేచోట కొనండి. 47 దొరికి ఒకటి చిక్కకపోతే ఆ టెన్షన్ చెప్పనలవి కాదు. గాలహర్‌లో పది లేకపోయినా తొంభై పజిళ్లు చేతిలో ఉన్నట్టే. లెక్క నిండితే తప్ప నిద్రపట్టని వాళ్లకు వంద ఎక్కువ అనిపిస్తే, ఆగ్డెన్స్ కంపెనీ 1923లో ఇచ్చిన ‘ఆప్టికల్ ఇల్యూజన్స్’ 25తో ముగుస్తుంది. కానీ కంటికి చేసిన మాయ ఒకసారి తెలిసిపోయాక మళ్లీ చూడాలనిపించదు.

నా ఓటు గాలహర్‌కే. పిల్లలకిచ్చినా, చుట్టాల ముందు చేసి చూపించినా పనికొచ్చేది అదే. కవలియర్ గోడకు అందం, చేతికి పనుండదు. నెట్‌లో బ్రిటన్ నుంచి తెప్పించుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ప్రతి కార్డుకూ వెనకవైపు ఫొటో అడగండి. ముందువైపే చూపించి ఊరుకునే అమ్మకందారును వదిలేయండి.