తూకం వేసి చెప్పిన మాట: ఒక తల్లిపాల సలహా కేంద్రంపై నా అభిప్రాయం

హైదరాబాద్‌లో ఒక పిల్లల క్లినిక్ పై అంతస్తులో నడుస్తున్న ఈ తల్లిపాల సలహా కేంద్రానికి నేను అయిదింటికి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. మా అమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బాలింతనూ చంటిబిడ్డనూ వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చినదీ, లోపల కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూసినదీ నేనే కనుక, ఇది ఒక అమ్మమ్మ రాస్తున్న అభిప్రాయంగా చదువుకోవాలి. "పాలు చాలడం లేదు" అన్న ఒక్క మాట ఇంటిల్లిపాదినీ ఎంత కుంగదీస్తుందో పడ్డవారికే తెలుస్తుంది. ఆ మాట నిజమో కాదో చూసి తేల్చి చెప్పేవారు మాకు ఆసుపత్రిలోనూ చుట్టపక్కాలలోనూ దొరకలేదు, ఇక్కడ దొరికారు.

ముందుగా మా పరిస్థితి చెప్పకపోతే ఈ కేంద్రం చేసిన పని విలువ అర్థం కాదు. కాన్పు సిజేరియన్ అయింది. తెలంగాణలో ఇది విశేషమేమీ కాదు, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడి కాన్పుల్లో 60.7 శాతం శస్త్రచికిత్సలే. తొలి కాన్పువారికీ, కోత కాన్పువారికీ పాలు పడటం కొంత ఆలస్యం కావచ్చునని, అప్పటిదాకా వచ్చే ముర్రుపాలు చెంచాల లెక్కలోనే ఉంటాయని, అప్పుడే పుట్టిన బిడ్డకు ఆ కొద్దిపాటివే చాలునని ముందుగా ఎవరైనా చెప్పి ఉంటే మొదటి రాత్రి అంత గాభరా ఉండేది కాదు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ బిడ్డ ఏడుపు విని, తల్లి రొమ్మును ఒకసారి నొక్కి చూసి, "పాలు లేవు, డబ్బాపాలు తెప్పించండి" అని చెప్పి వెళ్ళిపోయింది. ఏ కంపెనీ డబ్బా కొనాలో కూడా చీటీ మీద రాసి ఇచ్చారు. శిశువుల పాల ప్రత్యామ్నాయాలను నియంత్రించే చట్టం 1992లో వచ్చి, 2003లో సవరణతో మరింత గట్టిపడింది. దాని ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లల డబ్బాపాలకు ప్రచారం చేయడం, ఉచిత నమూనాలు పంచడం, ఆసుపత్రి సిబ్బందికి కంపెనీలు కానుకలు ఇవ్వడం నిషిద్ధం. ఆ చీటీ చేతిలో పట్టుకున్నప్పుడు నాకు ఆ చట్టమే గుర్తుకు వచ్చింది.

ఇంటికి వచ్చాక దిగులు ముదిరింది. బిడ్డ అయిదు నిమిషాలు చీకి నిద్రలోకి జారుకునేవాడు, అరగంట తిరగకుండానే మళ్ళీ గుక్కపట్టి ఏడ్చేవాడు. అమ్మాయికి చనుమొనలు పగిలి, బిడ్డను దగ్గరికి తీసుకోవాలంటేనే కళ్ళనీళ్ళు తిరిగేవి. చూడవచ్చిన ప్రతివారూ ఒక సలహా ఇచ్చి వెళ్ళారు. పాలు పలుచగా ఉన్నాయని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు, వెల్లుల్లి కారం మరో రెండు ముద్దలు పెట్టమని ఒకరు. కాకినాడ నుంచి వచ్చిన మా వదినగారైతే పాలసొర చేప పులుసు పెట్టనిదే పాలెలా పడతాయని నన్నే నిలదీశారు. ఎవరి మాటలోనూ చెడ్డ ఉద్దేశం లేదు, కాని బిడ్డ పాలు తాగుతుండగా దగ్గర కూర్చుని గమనించి మాట్లాడినవారు మాత్రం ఒక్కరూ లేరు.

ఈ కేంద్రంలో మొదట నచ్చింది అదే. సలహాదారు మా వివరాలు, పుట్టినప్పటి తూకం, ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు తూకం రాసుకుని, బిడ్డను డైపరుతో సహా ఒక డిజిటల్ తక్కెడ మీద పడుకోబెట్టి తూచారు. తరువాత అమ్మాయితో, "ఇంట్లో ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకోండమ్మా, నేను చూస్తాను" అని ఒక పక్కన కూర్చున్నారు. చాలాసేపటి వరకు ఆమె నోరు మెదపలేదు, చేయి కూడా వేయలేదు. బిడ్డ నోరు చిన్నగా తెరిచి చనుమొనను మాత్రమే అందుకుంటున్నాడని, బుగ్గలు లోపలికి సొట్ట పడుతున్నాయని, చీకుతున్న చప్పుడే తప్ప గుటక చప్పుడు లేదని ఒక్కొక్కటిగా మాకు చూపించారు. బిడ్డ వదిలాక చనుమొన గుండ్రంగా లేదు, చెక్కిన పెన్సిలు మొనలా ఒక వైపుకు ఏటవాలుగా నొక్కుకుపోయి ఉంది. నొప్పికీ పగుళ్ళకూ కారణం అదేనని, పాలు సరిగా దిగకపోవడానికి మూలం కూడా అక్కడే ఉందని ఆమె వివరించినప్పుడు, అంతవరకు తన ఒంట్లోనే ఏదో లోపం ఉందని కుమిలిపోతున్న అమ్మాయి ముఖంలో మార్పు నేను చూశాను.

తరువాత భంగిమ మార్చారు. కోత మీద బరువు పడకుండా బిడ్డను చంక కిందుగా, కాళ్ళు తల్లి వీపు వైపు ఉండేటట్టు పట్టుకోవడం నేర్పారు. బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా ఉండాలని, వాడు ఆవులించినంతగా నోరు తెరిచేదాకా ఓపిక పట్టాలని, తెరిచిన క్షణంలో తల్లి ముందుకు వంగకుండా బిడ్డనే రొమ్ము దగ్గరికి తీసుకోవాలని, ముందుగా గడ్డం ఆనాలని చెప్పారు. సరిగా పట్టుకున్నప్పుడు కింది పెదవి బయటికి తిరిగి ఉంటుంది, చనుమొన చుట్టూ ఉన్న నల్లని భాగం కింద కంటే పైన ఎక్కువగా కనిపిస్తుంది. రెండు మూడు సార్లు జారిపోయాక, బిడ్డ ఒక్కసారి నోటినిండా పట్టాడు. కాసేపటికి పాలు చేపుకు వచ్చాయి కాబోలు, గుటక చప్పుడు గదిలో ఉన్న అందరికీ వినబడింది. మళ్ళీ తూచారు. ఇంటి పద్ధతిలో తాగినప్పుడు పెరిగినది 14 గ్రాములు, మార్చిన తరువాత మరో 38 గ్రాములు. ఆ అంకె చూశాక మా ఇంట్లో ఎవరూ పాలు లేవని మళ్ళీ అనలేదు.

అయితే ఆ అంకెను పట్టుకుని ఊగిపోవద్దని హెచ్చరించినది కూడా ఆ సలహాదారే. ఒక్కో పూట బిడ్డ తాగే పాలు ఒక్కో విధంగా ఉంటాయి కనుక, ఇంట్లో తక్కెడ కొని పూటపూటా తూచడం మొదలుపెడితే కొత్త దిగులు కొని తెచ్చుకున్నట్టేనని ఆమె అన్నారు. చూడవలసినవి వేరే ఉన్నాయి. పుట్టిన తొలి రోజుల్లో బిడ్డ తూకం 7 నుంచి 10 శాతం వరకు తగ్గడం మామూలేనని, దాదాపు రెండు వారాలకు పుట్టినప్పటి తూకానికి చేరుకోవాలని, ఆపైన రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలని చెప్పారు. అయిదో రోజు దాటాక 24 గంటల్లో కనీసం ఆరుసార్లు మూత్రంతో డైపరు బాగా తడవాలి. పాలివ్వడం 8 నుంచి 12 సార్లు ఉంటుంది. సాయంత్రం పూట బిడ్డ వదలకుండా గంటల తరబడి చీకడం చాలామంది పసిపిల్లలు చేసేదే, పాలు ఇంకిపోయాయని దానికి అర్థం కాదు. ఈ చివరి మాట ఒక్కటి తెలిసినా ఎన్ని ఇళ్ళలో డబ్బా మూత తెరుచుకోకుండా ఉండేదో!

డబ్బాపాల విషయంలోనూ వీరు పట్టుదలకు పోలేదు, అది నాకు మెచ్చుకోదగ్గదిగా తోచింది. ఆ రోజే పూర్తిగా ఆపేయమని అనకుండా, పాలిచ్చిన తరువాత చేత్తో పిండిన తల్లిపాలతో మొదట ఆ కొరత పూడ్చాలని, బిడ్డ తూకం పెరుగుతున్న కొద్దీ డబ్బాపాలు తగ్గిస్తూ పోవాలని ఒక కాగితం మీద పూటలవారీగా రాసి ఇచ్చారు. పోతపాలు పట్టడానికి సీసా వద్దు, ఉగ్గుగిన్నె వాడమన్నారు. మా అమ్మగారి నాటి వెండి ఉగ్గుగిన్నె ఇంట్లో ఉందని చెబితే ఆమె సంతోషించారు, కాని దాని మీది నగిషీ గీతల్లో పాలు ఇరుక్కుంటాయని, రోజువారీ వాడకానికి నున్నటి స్టీలు గిన్నె కొనుక్కుని ప్రతిసారీ నీళ్ళలో మరిగించమని చెప్పారు. బిడ్డను ఇంచుమించు నిలువుగా కూర్చోబెట్టి, గిన్నె ముక్కును కింది పెదవికి ఆనించి, పాలు వాడే నాలుకతో అందుకునేదాకా ఆగాలట. నోట్లో గుమ్మరిస్తే పొరమారే ప్రమాదం ఉంది. మా తరంలో పిల్లవాణ్ణి కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గు పట్టేవారు. ఆ పద్ధతి ఎందుకు మానాలో నాకు నొప్పి కలగకుండా చెప్పిన తీరు వారి మర్యాదకు నిదర్శనం.

తిండి సంగతి అడిగింది నేనే. వెల్లుల్లి కారాన్ని గాని, మెంతులను గాని, వదినగారి పాలసొరను గాని వీరు కొట్టిపారేయలేదు. ఇష్టమైతే తినవచ్చని, కాని రొమ్ము ఎంత తరచుగా, ఎంత బాగా ఖాళీ అయితే పాలు అంతగా ఊరతాయని, ఆ పని ఏ వంటకమూ చేయలేదని చెప్పారు. పథ్యం పేరిట బాలింతకు కూరలూ పప్పూ పండ్లూ తగ్గించడాన్ని మాత్రం గట్టిగా వద్దన్నారు. తొలి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు 600 కిలోకాలరీలు అదనంగా కావాలన్నది మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క. రెండు పూటలా చారన్నంతో అది నిండదు. బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్ళు కూడా అక్కరలేదని, ఏడాది లోపు తేనె నాకించడం ప్రమాదమని, తల్లిపాలు తాగే బిడ్డకు విటమిన్ డి చుక్కల విషయం పిల్లల డాక్టరును అడగమని కూడా గుర్తు చేశారు.

రెండోసారి వెళ్ళినప్పుడు మా అల్లుడుగారిని కూడా లోపలికి రమ్మన్నారు. ఆయన మొహమాటపడి గుమ్మం దగ్గరే నిలబడిపోతే, తేన్పు తెప్పించడం, రాత్రి డైపర్లు మార్చి లెక్క రాయడం ఆయన పనులని పంచి ఇచ్చారు. ఆ పంపకం మా ఇంట్లో నేటికీ సాగుతోంది.

ఇక ఒక నక్షత్రం ఎందుకు తగ్గించానంటే, లోపలి గదికీ బయటి కౌంటరుకూ పొంతన లేదు. పాలు పిండే పంపు అవసరం లేదని సలహాదారు చెప్పి పంపితే, డబ్బు కట్టే చోట ఉన్న అమ్మాయి కరెంటు పంపును నెలవారీ అద్దెకు తీసుకోమని రెండుసార్లు అడిగింది. అలసిపోయి, భయపడి ఉన్న బాలింత అలాంటి చోట కాదనలేదు. చేతికిచ్చిన కరపత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. మా అమ్మాయికి ఇబ్బంది లేదు గాని, నిజానికి అది చదివి ఆచరించవలసిన అమ్మమ్మలలో ఎంతమందికి ఆ భాష వస్తుంది? ఫోన్ సలహా రాత్రి ఎనిమిదింటితో ఆగిపోతుంది, బిడ్డల ఏడుపు అప్పుడే మొదలవుతుంది. తొలి దర్శనానికి 1,500 రూపాయలు తీసుకున్నారు. గంటన్నర సేపు కూర్చున్నారు కనుక అది ఎక్కువని అనను. కాని ఉద్యోగంలో చేరే తల్లుల కోసమని వేరే రుసుముతో నడిపే తరగతి మాత్రం డబ్బుకు తగినట్టు లేదు. 26 వారాల ప్రసూతి సెలవు గురించి చెప్పారు తప్ప, బిడ్డకు 15 నెలలు నిండేదాకా పని వేళల్లో పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు చట్టప్రకారం ఉన్నాయన్న ముఖ్యమైన సంగతిని ప్రస్తావించనే లేదు.

ఇటువంటి కేంద్రాలు ఇప్పుడు పేట పేటకూ వెలుస్తున్నాయి కనుక, ఎక్కడికి వెళ్ళినా సలహాదారు ఏం చదివారో, ఏ పరీక్ష ఉత్తీర్ణులయ్యారో మొహమాటం లేకుండా అడగాలి. ఇక్కడ ఆ ధ్రువపత్రాలు గోడకు కట్టి ఉన్నాయి. డబ్బు పెట్టలేనివారు నిరాశపడనక్కరలేదు. ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లిని తొలి ఆరు వారాల్లో ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి వచ్చి చూడాలన్నది ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. తల్లిపాలను ప్రోత్సహించేందుకు కేంద్ర ప్రభుత్వం 2016లో ‘మా’ అనే కార్యక్రమాన్ని కూడా మొదలుపెట్టింది. నెలలు నిండకుండా పుట్టి, తల్లిపాలు అందని పిల్లల సంగతి వేరు. వారికి నీలోఫర్ ఆసుపత్రిలోని ధాత్రి తల్లిపాల బ్యాంకు వంటివి ఆసరా.

బిడ్డ తూకం చక్కగా పెరుగుతూ, తల్లికి నొప్పి లేకుండా ఉంటే ఈ కేంద్రానికి రావలసిన పనే లేదు. అలాగే, రొమ్ము ఎర్రబడి గడ్డకట్టి జ్వరం వస్తున్నా, బిడ్డ పాలకు లేవకుండా మత్తుగా పడుకుంటున్నా, మూత్రం తగ్గినా, కామెర్లు ముదురుతున్నా సలహా కేంద్రం దాకా ఆగకుండా నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. ఇలాంటి లక్షణాలున్నవారిని ఇక్కడివారు కూడా కింది అంతస్తులోని డాక్టరుగారి దగ్గరికే పంపుతున్నారు. మాకు రెండుసార్లు వెళ్ళడం సరిపోయింది. మూడోసారి రమ్మన్నా, తూకం సరిగానే ఉంది కనుక మేము వెళ్ళలేదు.

తొలిసారి వెళ్ళేవారు ముందుగా ఫోన్ చేసి, బిడ్డకు ఆకలి వేసే సమయానికి సరిపడేటట్టు వేళ తీసుకోవడం మంచిది. ఇంట్లో పాలిచ్చి నిద్రపుచ్చి తీసుకువెళితే అక్కడ చూడటానికేమీ ఉండదు. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, ఇంతవరకు వేసిన తూకాలు, గత రెండు రోజుల డైపర్ల లెక్క పట్టుకెళ్ళాలి. లిఫ్టు ఉంది గాని అది వెనక వైపు పార్కింగు నుంచే ఎక్కాలి, ముందు వైపున మెట్లు మాత్రమే ఉన్నాయి కనుక కోత కాన్పువారు వాహనాన్ని వెనక్కి తిప్పించుకోవాలి.