ఎర్రచందనం మొక్కలు కొంటున్నారా? ముందు ఆకు చూడండి

తిరుపతి చుట్టుపక్కల ఈ వానలకు ఎర్రచందనం నాటుదామనుకునేవాళ్ళు ఇది చదివాకే నర్సరీకి పోండి. నేను మోసపోయాను. తప్పులో సగం నాదే.

రెండేళ్ళ కిందట ఊరి బయట ఒక నర్సరీలో 60 మొక్కలు తీసుకున్నా, ఒక్కోటి 90 రూపాయలు. బోర్డు మీద ‘రెడ్ శాండల్’ అని ఉంది. బిల్లులో మాత్రం ‘మొక్కలు 60’ అని రాసిచ్చాడు, అంతే. చంద్రగిరి దగ్గర మా మామిడితోట గట్టు వెంబడి నాటించాం. గుంతల కూలి మొక్కల ఖరీదును దాటింది. ఏడాది తిరక్కుండానే మొక్కలు నా తల దాటేశాయి. ఎర్రచందనానికి అంత తొందర ఉండదు, అనుమానం అప్పుడే రావాల్సింది. నేనేమో మా నేల మహిమ అని మురిసిపోయా.

పోయిన నెల చిన్నాయన వచ్చి, "ఒరే అబ్బయా, ఇది చందనం కాదు రా, బండి గురివింద. దీని గింజల్తోనే మీ మేనత్తలు వామనగుంటలు ఆడేవాళ్ళు" అన్నాడు.

నమ్మబుద్ధి కాక ఒక కొమ్మను పేపర్ల మధ్య నొక్కి, వృక్షశాస్త్రం చదివిన స్నేహితుడికి చూపించా. మనం ఆకు అనుకునేది చాలాసార్లు ఆకులో ముక్కేనట, దాన్ని పత్రకం అంటారు. కాడ కొమ్మకు అతుక్కున్న చోట చిన్న మొగ్గ ఉంటుంది. ఆ మొగ్గ దగ్గర్నుంచి కొసదాకా ఉన్నదంతా కలిపి ఒకటే ఆకు. ఎర్రచందనం ఆకులో మామూలుగా మూడు పత్రకాలు, ఎప్పుడన్నా ఐదు. గుండ్రంగా ఉండి కొసన చిన్న నొక్కు ఉంటుంది. నా చెట్టుకేమో కాడ నుంచి పిల్లకాడలు, వాటికి రెండు పక్కలా చిన్న చిన్న పత్రకాలు, చింతాకును సాగదీసినట్టు. కాయ పట్టే వయసుదైతే తేడా ఇంకా సులువు. చందనం కాయ చుట్టూ రెక్క ఉన్న బిళ్ళ, నడుమ గింజ. బండి గురివిందది పొడుగు కాయ, ఎండి మెలి తిరిగితే ఎర్రటి గింజలు బయటపడతాయి.

నర్సరీకి పోయి నిలదీస్తే "రెండూ ఒకే ఫ్యామిలీ సార్" అన్నాడు. అది నిజమే! రెండూ చిక్కుడు కుటుంబమే, ఫాబేసీ. ఆ లెక్కన కంది, చింత, సర్కారు తుమ్మ కూడా చందనానికి చుట్టాలే. కొనేటప్పుడు చూడాల్సింది శాస్త్రీయ నామం. మన పేర్ల మాదిరే అందులో ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. ఎర్రచందనం ‘టెరోకార్పస్ శాంటలైనస్’. వేగిస చెట్టుది కూడా అదే ఇంటిపేరు, ‘టెరోకార్పస్ మార్సూపియం’. నాకు అంటగట్టింది ‘అడెనాంథెరా పావొనీనా’, ఇంటిపేరే వేరు.

అన్నట్టు, మా ఆవిడ అక్కడే సీతాశోకమని తెచ్చుకున్నది కూడా నిట్టనిలువుగా పెరిగే నారమామిడి అని తేలింది. అది సీతాఫలం కుటుంబం, సీతాశోకంతో కనీసం చుట్టరికం కూడా లేదు.

బిల్లులో ఆ రెండు మాటల పేరు రాయించుకోండి, తెలుగులో రాసినా సరే. రాయనంటే వచ్చేయండి. ఎర్రచందనం సొంత పొలంలోదైనా కొట్టి తరలించాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, నాటింది ఏదో కాగితం మీద ఉండటం అప్పుడు అక్కరకొస్తుంది.

నర్సరీవాడు పది మొక్కలు మార్చిస్తానన్నాడు, వద్దన్నా. మొన్న స్నేహితుడు వచ్చి గట్టంతా నడిచి చూస్తే, అరవైలో ఒక్కటి నిజంగానే ఎర్రచందనం. నడుమెత్తు కూడా లేదు. ఎదగడం లేదని దానికి నీళ్ళు మానేసి ఆరు నెలలైంది.