థర్మల్ గన్, ఫీవర్ ఓపీ, ముందస్తు ఫోన్, అందరికీ టెస్టు: అంటువ్యాధి వేళ ఆసుపత్రికి ఏది మేలు?

అంటువ్యాధి వార్తలు మొదలవగానే మన హైదరాబాద్ ఆసుపత్రుల గేటు దగ్గర ఒక బల్ల వెలుస్తుంది. పక్కన సెక్యూరిటీ గార్డు, అతని చేతిలో థర్మల్ గన్. ఖర్చు తక్కువ, ఒక్క పూటలో పెట్టేయొచ్చు, వచ్చేవాళ్లకూ ధైర్యంగా ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ పని చూసే నర్సుగా నన్ను చిన్న నర్సింగ్ హోమ్‌ల వాళ్లు తరచూ అడిగేది కూడా దాని గురించే: ఏ గన్ కొనాలి, ఎన్ని కొనాలి? దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. అనుమానం వచ్చిన రోగిని పట్టుకున్నాక ఎక్కడికి పంపుతారు?

ముందు గన్ సంగతే చూద్దాం. 2003లో సార్స్ వచ్చినప్పుడు రోగి జ్వరం పడ్డాకే, అదీ రెండో వారంలో ఎక్కువగా ఇతరులకు అంటించేవాడు. అలాంటి జబ్బుకు ఒంటి వేడి చూడటం అక్కరకొస్తుంది. కోవిడ్ అలా కాదు, లక్షణాలు బయటపడకముందే అంటుకునేది. తట్టు కూడా ఒంటిమీద దద్దుర్లు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. పొద్దున డోలో వేసుకుని బయల్దేరిన మనిషి నుదురు చల్లగానే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం బండి మీద ఎండలో వచ్చిన ఆరోగ్యవంతుడి నుదురు కాలుతుంటుంది. ఏసీ కారు దిగినవాడి రీడింగ్ తక్కువ చూపిస్తుంది. ఇక ఆగస్టు, సెప్టెంబర్ వచ్చాయంటే ఈ ఊళ్లో డెంగీ, టైఫాయిడ్, మామూలు వైరల్ జ్వరాలతో ఓపీలు నిండిపోతాయి. గన్ వాళ్లందరినీ ఒకేలా ఆపుతుంది. ఆపిన వాళ్లందరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెడితే, డెంగీ జ్వరంతో వచ్చిన పిల్లవాడికి పక్కవాడి దగ్గు అంటించి పంపినట్టే.

గన్ కంటే నాలుగు ప్రశ్నలు మేలు. కానీ ఆ ప్రశ్నలు జబ్బును బట్టి మారాలి. తట్టు అయితే దద్దుర్లు, కలరా అయితే విరేచనాలు అడగాలి. "విదేశాల నుంచి వచ్చారా?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటే ఎంత నష్టమో 2015లో దక్షిణ కొరియా చూసింది. అక్కడ మెర్స్ అనే ఊపిరితిత్తుల వైరస్ జబ్బు సోకిన 186 మందిలో ఎక్కువమందికి ఆసుపత్రుల్లోనే అంటింది. సియోల్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీలో మూడు రోజులున్న ఒకే ఒక్క రోగి వల్ల 80 మందికి పైగా జబ్బు పడ్డారు. అతను ఏ దేశానికీ వెళ్లి రాలేదు. మొదటి రోగి ఉన్న ఆసుపత్రిలో అంతకుముందు చికిత్స తీసుకున్నాడు, అంతే. 2018లో కేరళలోని కోళికోడ్‌లో నిపా వైరస్ వచ్చినప్పుడూ ఎక్కువమందికి ఆసుపత్రుల్లోనే సోకింది.

అందుకే నేను ఎక్కడికి వెళ్లినా ఒక ప్రశ్న తప్పకుండా చేర్చమంటాను: "ఈ రెండు వారాల్లో వేరే ఏ దవాఖానాకైనా వెళ్లారా? రోగిగానైనా, చూడ్డానికైనా?" మన ఊళ్లో ఒక రోగి బస్తీ దవాఖానా, గల్లీ క్లినిక్, నర్సింగ్ హోమ్ తిరిగి, చివరికి గాంధీకో ఉస్మానియాకో చేరడం రోజూ చూసేదే. ఇలాంటి చోట ఆ ప్రశ్నకు ఎంతో విలువ. దాన్ని గార్డు చేత కాకుండా నర్సు చేత అడిగించాలి. తెలుగులోనూ, "బుఖార్ హై క్యా? ఖాన్సీ?" అనీ అడగగలగాలి. పక్కన నిలబడ్డ అటెండెంట్లను కూడా అడగాలి. ఒక్క రోగి వెంట నలుగురు వస్తారు, దగ్గేది ఆ నలుగురిలో ఒకరు కావచ్చు.

ఇప్పుడు రెండో దారి, విడిగా ఫీవర్ ఓపీ. ఈ ఊరికి ఇది కొత్త కాదు. పెద్దవాళ్లు కోరంటి దవాఖానా అని పిలిచే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉన్నదే అంటురోగాల కోసం. 2020లో గాంధీ ఆసుపత్రి మొత్తాన్నీ కోవిడ్‌కు కేటాయించారు. దాంతో మిగతా జబ్బులవాళ్లు వేరే ఆసుపత్రులు చూసుకోవాల్సి వచ్చింది. సర్కారు ఊరి స్థాయిలో అలా చేయగలదు. యాభై పడకల నర్సింగ్ హోమ్ చేయగలిగింది ప్రాంగణంలో ఒక మూల షామియానా వేసి, దగ్గు జ్వరాల వాళ్లను అసలు లోపలికి రానివ్వకుండా అక్కడే చూడటం.

జాగా లేదని చాలామంది దీన్ని సెల్లార్‌లో పెడతారు. దయచేసి ఆ పని చేయకండి. గాలి ఆడని సెల్లార్‌లో దగ్గే రోగులను కూర్చోబెట్టడం ఉన్నవాటిలోకెల్లా చెడ్డ ఏర్పాటు. తట్టు రోగి వెళ్లిపోయాక కూడా రెండు గంటల వరకు ఆ వైరస్ గాలిలో ఉండగలదు. మూడు వైపులా తెరిచి ఉన్న షామియానా, కుర్చీకీ కుర్చీకీ కనీసం మీటరు దూరం, అడుగు పెట్టగానే చేతికొక సర్జికల్ మాస్కు, ఇవి చాలు మొదలుపెట్టడానికి. అసలు కష్టం తర్వాత వస్తుంది. ఆ రోగికి ఎక్స్‌రే కావాలంటే ఏ దారిన వెళ్తాడు? మందులు ఎక్కడ తీసుకుంటాడు? బాత్రూమ్ ఏది? ఈ మూడింటికీ జవాబు లేకపోతే షామియానా వేసీ లాభం లేదు, రోగి పది నిమిషాల్లో మెయిన్ లాబీలోనే ఉంటాడు. రక్తం నమూనా అక్కడే తీయండి, మందులు అక్కడికే తెప్పించండి, ఎక్స్‌రేకు ఒక వేళ కేటాయించండి.

ముందురోజు ఫోన్ చేసి అడిగే పద్ధతి డయాలసిస్, కీమో, గర్భిణుల చెకప్, ముందే తేదీ ఇచ్చిన ఆపరేషన్లకు బాగా పనిచేస్తుంది. వారానికి రెండు మూడుసార్లు వచ్చే డయాలసిస్ రోగికి అంటితే ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి వాళ్లకు తప్పనిసరిగా చేయాలి. చెప్పకుండా నేరుగా వచ్చే ఓపీకి ఇది సాయపడదు. ఇంకో చిక్కు, రావద్దంటారేమోనన్న భయంతో జనం జ్వరం దాస్తారు. "జ్వరం ఉన్నా రండి, పక్క గేటు నుంచి తీసుకెళ్లి చూస్తాం" అని ముందే చెబితే నిజం చెబుతారు.

వచ్చిన ప్రతి ఒక్కరికీ టెస్టు చేయడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కోవిడ్ ర్యాపిడ్ టెస్టు అరగంటలో తేలేది, కానీ లక్షణాలున్నవాళ్లకు నెగెటివ్ వస్తే ల్యాబ్‌లో చేసే ఆర్టీపీసీఆర్ టెస్టు చేయాల్సిందేనని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అప్పట్లోనే చెప్పింది. ఆ ఫలితం వచ్చేదాకా రోగి ఎక్కడుండాలన్న ప్రశ్న మళ్లీ మొదటికే వస్తుంది. కొత్త జబ్బయితే మొదట్లో కిట్లే దొరకవు.

ఒక్కదానికే డబ్బుందంటే నేను షామియానాకే ఓటేస్తాను. దాని ముందు ప్రశ్నలడిగే నర్సు, డయాలసిస్ లిస్టుకు సాయంత్రం ఫోన్లు. గన్ ఉంటే ఉండనివ్వండి, దాని మాట మీదే ఎవరినీ లోపలికి పంపకండి. రాత్రి షిఫ్టులోనూ ఇదే నడవాలి. పది దాటాక బల్ల ఖాళీ అయ్యే చోట పగలంతా పడ్డ కష్టం వృథా.

నొప్పులు పడుతున్న గర్భిణిని, గుండె పట్టుకుని వచ్చినవాణ్ని, రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తక్కువున్నవాళ్లను మాత్రం ఏ బల్ల దగ్గరా ఆపకూడదు. జబ్బు ఉందనే అనుకుని, స్టాఫ్ ఎన్95 వేసుకుని, విడి గదిలోకి నేరుగా తీసుకెళ్లి చికిత్స మొదలుపెట్టాలి. ఆ గదిని ముందే ఖాళీగా అట్టిపెట్టుకోండి.