పాతకాలపు ప్రొపెల్లర్ విమానంలో విహారానికి టికెట్ కొనేవారికి హెచ్చరిక

పాతకాలపు ప్రొపెల్లర్ విమానంలో ఒకసారి తిరిగి రావాలన్న సరదాతో టికెట్ కొనేవారు, నిర్వాహకులు విమానాన్ని ఎగరడానికి ఎలా సిద్ధం చేస్తున్నారో స్వయంగా చూడనిదే అందులో ఎక్కవద్దని మనవి. నేను ఎక్కిన విమానం రన్‌వే మీద వేగం అందుకుంటుండగా ఇంజిన్ తడబడి శక్తి కోల్పోయింది. పైలట్ వెంటనే ఇంజిన్ శక్తిని నియంత్రించే థ్రాటిల్ మూసి బ్రేకులు వేసినప్పటికీ, విమానం రన్‌వే చివర దాటి గడ్డిలోకి దూసుకుపోయింది. ఒక చక్రం విరిగింది, ప్రొపెల్లర్ రెక్కలు నేలకు తగిలి వంగిపోయాయి. మాకు తగిలిన దెబ్బలు స్వల్పమే.

ఇంధనంలో చేరిన నీరే ఇందుకు కారణం. ముందు రాత్రి వాన కురిసింది, విమానం ఆరుబయటే ఉంది. ట్యాంకు మూత కింది రబ్బరు పాతబడితే వాన నీరు లోపలికి దిగుతుంది. పెట్రోలు కంటే బరువు కాబట్టి అడుగున నిలుస్తుంది. అందుకే ఎగిరే ముందు ట్యాంకు అడుగున ఉండే చిన్న కవాటం నుంచి గాజు పాత్రలోకి కొంత ఇంధనం పట్టి చూడటం తప్పనిసరి. ఆ ఉదయం ఆ పని ఎవరూ చేయలేదు. ప్రమాదం తరవాత మెకానిక్ పట్టి చూపినప్పుడు, నీలిరంగు పెట్రోలు కింద రంగులేని నీరు గీత గీసినట్టు వేరుగా కనిపించింది. నిమిషాల్లో అయిపోయే ఈ పరీక్షకు దొరకని తీరిక, మమ్మల్ని రెక్క పక్కన నిలబెట్టి ఫొటోలు తీయడానికి మాత్రం కావలసినంత దొరికింది.

ఇలాంటి అలసత్వం ప్రాణాలు తీసిన సందర్భాలు ఉన్నాయి. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 అనే బాంబర్ నమూనా విమానం కూలిపోయింది. నిలిపి ఉంచినప్పుడు గాలికి కదలకుండా తోక భాగాలను బిగించే గస్ట్ లాక్‌ను తీయకుండానే ఎగరడం అందుకు కారణం. పైలట్లు చదువుతూ పాటించే చెక్‌లిస్ట్ ఆ ప్రమాదం తరవాతే స్థిరపడింది. ఆ నమూనా నుంచే రూపొందిన బీ-17 విమానం ఒకటి 2019 అక్టోబరు 2న కనెక్టికట్‌లో విహారయాత్రకు బయలుదేరే ముందు నాలుగో ఇంజిన్‌లో ఇబ్బంది కనిపించగా, తేమ పోవడానికి నైట్రోజన్ కొట్టి ఎగిరిపోయారు. తిరిగి దిగే ప్రయత్నంలో అది కూలి, ఉన్న 13 మందిలో ఏడుగురు మరణించారు. వేగాన్ని, విమానం చక్రాల వంటి భాగాల అమరికను పైలట్ సరిగా నిర్వహించలేకపోవడం ప్రధాన కారణమని తేల్చిన దర్యాప్తు, లోపభూయిష్టమైన నిర్వహణను కూడా తప్పుపట్టింది.

కాబట్టి ఇంధన నమూనా పట్టి వెలుగులో చూశారా లేదా గమనించండి. పాత విమానాల ఇంధన మీటర్లను పూర్తిగా నమ్మడానికి వీల్లేదు గనక, ట్యాంకులో కొలబద్ద ముంచి చూశారా అని అడగండి. సిలిండర్లు వలయంగా అమరి ఉండే రేడియల్ ఇంజిన్ నిలిచి ఉన్నప్పుడు కింది సిలిండర్లలోకి ఆయిల్ దిగుతుంది. అది అలాగే ఉండగా స్టార్ట్ చేస్తే ఇంజిన్ దెబ్బతినవచ్చు. స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పడం అందుకే. రన్‌వే ఎక్కే ముందు ఇంజిన్ వేగం పెంచి ఇంధనాన్ని మండించే నిప్పురవ్వ పుట్టించే రెండు మాగ్నెటోలను ఒకదాని తరవాత ఒకటి ఆపి పరీక్షిస్తారు, అప్పుడు ఇంజిన్ చప్పుడులో వచ్చే తేడా లోపల కూర్చున్నవారికీ వినిపిస్తుంది. మీ బరువు అడగకుండానే సీటు చూపించారంటే సమతుల్యం లెక్క వేయలేదనే అనుమానించాలి. 2018లో స్విట్జర్లాండ్‌లో 20 మందితో కూలిన యుంకర్స్ 52 విషయంలో పైలట్ల దుస్సాహసమే ముఖ్య కారణమైనా, దాని గురుత్వ కేంద్రం (మొత్తం బరువు సమతూగే బిందువు) పరిమితి దాటి వెనక్కి ఉన్నట్టు కూడా దర్యాప్తులో బయటపడింది.

ఇక డబ్బు సంగతి. మాకు సొమ్ము తిరిగి ఇవ్వకుండా, మరమ్మతు అయ్యాక మరో విహారం ఇస్తామన్నారు. టికెట్ వెనక సన్న అక్షరాల్లో ఉన్న షరతును చూపించారు. తనిఖీ తృప్తికరంగా లేక ప్రయాణికుడు ఎక్కనంటే పూర్తి సొమ్ము వాపసు ఇస్తామని రాతపూర్వకంగా ఇవ్వనివారికి ముందుగా డబ్బు కట్టవద్దు.