ఐదేళ్లుగా వాడుతున్న టెంట్, దాని ముందున్న వసారా

ఈ టెంట్ కొని ఐదేళ్లు దాటింది. అప్పటికి పెద్దమ్మాయికి నాలుగేళ్లు, చిన్నవాడికి ఏడాదిన్నర. ఇప్పటిదాకా తొమ్మిది ప్రయాణాలు, ముప్పైకి పైగా రాత్రులు, దాదాపు అన్నీ నేషనల్ పార్కుల క్యాంప్‌గ్రౌండ్లలోనే గడిపాం. బరువెంత, ఎత్తెంత, ఎన్ని కిటికీలు అన్నవి పెట్టె మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి పోను. ఆరుగురికి సరిపోతుందని రాశారు గానీ ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, రెండు బ్యాగులు పెట్టేసరికి నిండిపోతుంది. ఏ టెంట్ కొన్నా ఆ అంకెలోంచి ఇద్దర్ని తీసేసి చూసుకోండి.

నేను రాయాలనుకున్నది దీని వసారా గురించి. వంపు తిరిగిన మూడు పోల్స్‌తో సొరంగంలా నిలబడే రకం టెంట్ ఇది. పడుకునే గదికీ ముందు పోల్‌కీ మధ్య రెండు మీటర్ల దాకా చోటు వదిలారు. పైన కప్పు ఉంటుంది, ముందూ పక్కనా జిప్పు తలుపులు ఉంటాయి. కంపెనీవాళ్లు దాన్ని వెస్టిబ్యూల్ అన్నారు. మా ఇంట్లో మొదటి రోజు నుంచీ అది వసారానే.

అదెందుకు అంత ముఖ్యమో పొద్దున్నే లేచే పిల్లలున్నవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. మా చిన్నవాడు తెల్లవారుజామున ఐదింటికల్లా లేస్తాడు. ఇంట్లో అయితే ఇంకో గదిలోకి తీసుకుపోతాం. టెంట్‌లో ఇంకో గది ఎక్కడుంటుంది? దీనికి ముందు స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకున్న చిన్న టెంట్‌లో రెండు రాత్రులు గడిపాం. వాడు లేచిన ఐదు నిమిషాలకి అక్క లేచేది, ఆ తర్వాత మా ఆవిడ, ఆ తర్వాత వాడి కేకలకి పక్క టెంట్‌వాళ్లు. తొమ్మిదయ్యేసరికి నలుగురం అలిసిపోయి చిరాకుగా ఉండేవాళ్లం. పగలంతా ఏ నడకకీ ఓపిక ఉండేది కాదు.

ఈ టెంట్‌లో మొదటి పొద్దు నాకింకా కళ్లముందే ఉంది. వాడు కదలగానే దుప్పటితో సహా ఎత్తుకుని, లోపలి జిప్పుని చప్పుడు కాకుండా కొంచెం కొంచెంగా లాగి, వసారాలోకి వచ్చి, మళ్లీ మూసేశాను. ముందు తలుపు సగం తెరిచాను. రాత్రంతా మంచు కురిసి తాళ్లన్నీ తడిసి ఉన్నాయి. ఒక తాడు మీద నీటి బొట్టు ముడి దాకా జారి, అక్కడ ఆగి, లావెక్కి, టప్పున రాలింది. వాడు నా ఒళ్లో కూర్చుని దాన్నే చూశాడు. రాలిన ప్రతిసారీ నా మొహం వైపు తిరిగి "పోయి" అన్నాడు. అలా ముప్పావుగంట కూర్చున్నాం. లోపల తల్లీ కూతుళ్లు ఏడున్నర దాకా నిద్రపోయారు. ఆ రోజు అనుకున్న నాలుగు కిలోమీటర్ల నడక మొత్తం పూర్తిచేశాం, ఎవరూ ఏడవలేదు. పిల్లలతో క్యాంపింగ్‌లో మర్నాడు ఎలా గడుస్తుందనేది ముందురోజు నిద్ర మీదే ఆధారపడుతుందని నా అనుభవం. నిద్రని కాపాడింది ఆ వసారా. అందుకే మొదటి రెండేళ్లు ఎవరడిగినా "కళ్లు మూసుకుని కొనేయండి" అన్నాను.

ఇప్పుడు అంత తేలిగ్గా అనను. ఎందుకో చెప్తాను.

మొదట్లో దాన్ని వంటగదిలా కూడా వాడుకోవచ్చు అనుకున్నాం. ఒకసారి వాన పడుతుంటే పిల్లాడి పాల కోసం చిన్న గ్యాస్ స్టవ్‌ని వసారాలో పెట్టి వెలిగించాను. తలుపు తెరిచే ఉంది కదా అని ధీమా. అలా చేయకూడదని తర్వాత తెలిసింది. గుడ్డకి నిప్పు అంటుకోవడం ఒక్కటే కాదు ప్రమాదం. మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, కంటికి కనిపించదు, గుడ్డ గోడల మధ్య త్వరగా పేరుకుంటుంది. ఆరిపోతున్న బొగ్గుల కుంపటి అయినా అంతే. అప్పటి నుంచి స్టవ్ ఎప్పుడూ బయటే, విడిగా కట్టిన టార్పాలిన్ కింద. వాన జోరుగా ఉంటే ఆ పూట చల్లటి తిండే.

తర్వాత సామాన్ల గదిలా వాడుకోవచ్చు అనుకున్నాం. అదీ కుదరలేదు. ఎలుగుబంట్లు తిరిగే పార్కుల్లో తిండి, పాల డబ్బాలు, టూత్‌పేస్ట్, సబ్బు, వాసన వచ్చే ఏ వస్తువైనా సరే టెంట్‌లో గానీ వసారాలో గానీ ఉంచకూడదు. క్యాంప్‌గ్రౌండ్‌లో ఇచ్చే ఇనప పెట్టెలో పెట్టాలి, లేదా ఆ పార్కు నియమాల్లో ఉన్నట్టు కారులో. పిల్లలున్నచోట ఇది చెప్పినంత సులువు కాదు. జేబులో బిస్కెట్ ముక్క, బొమ్మల సంచిలో సగం తిన్న పండు దొరుకుతూనే ఉంటాయి. అందుకే పడుకునే ముందు జేబుల తనిఖీ మా పెద్దమ్మాయి పని. ఆ పనిని అది ఎంత శ్రద్ధగా చేస్తుందంటే నా చొక్కా జేబు కూడా వదలదు.

ఇంకోటి. "ఒక్క చుక్క లోపలికి రాలేదు" అని మొదటి ఏడాది గొప్పగా చెప్పాను. వాన నీళ్లు రాలేదన్న మాట నిజమే. కానీ చలి రాత్రుల్లో అన్ని తలుపులూ బిగించి పడుకుంటే తెల్లారేసరికి పైకప్పు లోపలివైపు తడిగా ఉంటుంది. కారుతోందని కంగారుపడ్డాం. అది మా ఊపిరే. నలుగురి శ్వాసలోని తేమ చల్లటి గుడ్డకి తగిలి నీరవుతోంది. వసారా తలుపు పైభాగంలో జానెడు సందు వదిలితే చాలావరకు తగ్గింది, బదులుగా కాస్త చలి భరించాలి.

ఇక మూడో ఏడాది రాత్రి సంగతి.

సరస్సు ఒడ్డున, కొంచెం ఎత్తైన చోట ఉన్న క్యాంప్‌గ్రౌండ్ అది. వెళ్లేముందు ఫోన్లో వాతావరణం చూశాను. తీరా చూస్తే అది కింద ఉన్న ఊరిది, క్యాంప్‌గ్రౌండ్ దానికన్నా 900 మీటర్లు పైన ఉంది. ఎత్తు 1000 మీటర్లు పెరిగితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్న లెక్క నాకు తెలుసు, దుప్పట్లు అదనంగానే తెచ్చాం. గాలి సంగతే ఆలోచించలేదు.

మాకిచ్చిన చోటులో టెంట్ కోసం చెక్క అంచులు కట్టి, కంకర పరిచిన చదరం ఉంది. పడుకునే గది అందులో పట్టింది, వసారా అంచు దాటి బయటికి వచ్చింది. ముందు మేకులు రెండు గట్టి నేలలో సగమే దిగాయి. పక్క తాళ్లకి పిల్లలు తట్టుకుని పడుతున్నారని వాటిని కట్టనే లేదు. పైగా లేవగానే నీళ్లు కనిపించాలని వసారాని సరస్సు వైపు తిప్పాం. గాలి వచ్చేదీ అటునుంచే.

రాత్రి రెండు దాటాక మెరుపులు మొదలయ్యాయి. పెద్దమ్మాయి లేచి కూర్చుంది. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి, మూడుతో భాగిస్తే సుమారుగా అన్ని కిలోమీటర్ల దూరం అని దానికి అంతకుముందే నేర్పాను. లెక్కపెట్టింది. మొదటిసారి నలభై దాకా వెళ్లింది. తర్వాత ముప్పై మూడు. ఆ తర్వాత ఇరవై ఒకటి. ముప్పై లోపు వస్తే లోపలికి చేరాలి. పిడుగు విషయంలో టెంట్ 'లోపల' కిందకి రాదు. పైన రేకు ఉన్న కారు, అద్దాలు మూసి, అదే దిక్కు.

ఇక్కడే వసారా తన విలువ మళ్లీ చూపించింది. నాలుగు జతల బూట్లు వరసగా, పొడిగా ఉన్నాయి. రెయిన్‌కోట్లు తాడుకి వేలాడుతున్నాయి. పిల్లలిద్దరూ కప్పు కింద నిలబడి, వాన తగలకుండా బూట్లు తొడుక్కున్నారు. మా ఆవిడ చిన్నవాణ్ణి ఎత్తుకుంది, నేను పెద్దదాని చెయ్యి పట్టుకున్నాను. లేచి కారు తలుపు మూసేదాకా మూడు నిమిషాలు పట్టిందేమో. పిల్లలు భయపడ్డారు గానీ తడవలేదు.

కారులోంచి చూస్తూనే ఉన్నాం. ఒక పెద్ద మెరుపు వెలుగులో టెంట్ ముందుభాగం ఉబ్బి నిలబడి ఉంది. తర్వాతి మెరుపుకి అది నేలకి అంటుకుని కనిపించింది. మా ఆవిడ నా వైపు చూసింది, నేనేమీ అనలేదు.

చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి దిగాను. పడుకునే గది మీది రెండు పోల్స్ నిలబడే ఉన్నాయి, లోపల పక్కలు పొడిగానే ఉన్నాయి. ముందు పోల్ మాత్రం అతుకు దగ్గర బెత్తెడు దూరంలో విరిగింది. అడ్డంగా తెగలేదు, వెదురు బద్దలా నిలువుగా చీలింది. ఫైబర్‌గ్లాస్ పోగులు కుచ్చులా పైకి లేచి ఉన్నాయి. గుడ్డకి వేలెడు చిరుగు. చేత్తో పట్టుకోగానే సన్నటి పోగు ఒకటి అరచేతిలో దిగింది. మర్నాడు సాయంత్రం దాకా సలిపింది. విరిగిన ఫైబర్‌గ్లాస్‌ని ఉత్త చేత్తో పట్టుకోకండి.

మేకుల సంచి అడుగున జానెడు ఇనప గొట్టం ఒకటి మూడేళ్లుగా ఉంది. దేనికో తెలియక చాలాసార్లు పారేద్దామనుకున్నాను. విరిగినచోట తొడగడానికే అది. తువ్వాలు చుట్టిన చేత్తో పోగుల్ని అణిచి, వాటి మీద టేపు గట్టిగా చుట్టి, గొట్టాన్ని జరిపి, రెండు చివర్లా మళ్లీ టేపు వేశాను. పెద్దమ్మాయి టార్చ్ పట్టుకుంది.

"నాన్నా, మన వసారా విరిగిపోయిందా?"

"ఒక్క ఎముకే విరిగింది తల్లీ. కట్టు కడుతున్నా."

తెల్లారాక టెంట్ మొత్తాన్ని తిప్పి, తక్కువ ఎత్తున్న వెనకవైపుని గాలికి ఎదురుగా పెట్టాం. ఆ కట్టుతోనే ఇంకో రెండు రాత్రులు గడిచాయి.

నా అసలు కోపం ఆ తర్వాతి సంగతి మీద. విరిగింది ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్క అమ్మడం కుదరదని, మూడు పోల్స్ సెట్ మొత్తం తీసుకోవాలని కంపెనీవాళ్లు చెప్పారు. అది చేరడానికి ఏడు వారాలు పట్టింది, ఈలోగా ముందే బుక్ చేసుకున్న ఒక ప్రయాణం మానుకున్నాం. సగం తప్పు మాది, ఒప్పుకుంటాను. కానీ ఈ రకం టెంట్ తనంతట తాను నిలబడదు, దాని బలమంతా మేకుల్లో, తాళ్లలో ఉంటుంది. ఇంత వసారా పెట్టి అమ్మేటప్పుడు, తాళ్లన్నీ కట్టకపోతే ముందు పోల్ మీదే భారం పడుతుందని పెద్ద అక్షరాలతో చెప్పాలి కదా. వాళ్ల కాగితంలో దాని గురించి ఒక్క వాక్యం ఉంది, అదీ చివరి పేజీలో.

ఆ రాత్రి తర్వాత మా ప్లానింగ్ మారింది. ఇదివరకు పార్కు, తేదీలు, పిల్లలు నడవగల దారులు చూసుకుని, చివరికి ఖాళీగా ఉన్న చోటు బుక్ చేసేవాళ్లం. ఇప్పుడు ముందు చూసేది చోటు కొలత. మా టెంట్ తాళ్లతో కలిపి దాదాపు ఏడు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు ఆక్రమిస్తుంది. పెట్టె మీద రాసే కొలతలో తాళ్లు కలవవు. ఆ మేరకి ఒక నైలాన్ తాడు కొలిచి, ముడులు వేసి ఉంచాను. చేరగానే పిల్లలిద్దరూ దాన్ని నేలమీద పరిచి ఎదురెదురు మూలల్లో నిలబడతారు. పట్టకపోతే టెంట్ విప్పకముందే తెలిసిపోతుంది. వెలుతురు ఉండగా చేరడం కూడా అందుకే తప్పనిసరి. సూర్యాస్తమయానికి రెండు గంటల ముందు అక్కడుండేలా బయల్దేరే సమయం వెనక్కి లెక్కేసుకుంటాం. పిల్లలతో దారిలో ఆగే ఆగుళ్లకి ఇంకో గంట. పక్క తాళ్లకి రంగు గుడ్డముక్కలు కట్టాం, తట్టుకుని పడటం తగ్గింది, పూర్తిగా మానలేదు.

కొలత పట్టని చోటు ఒక్కటే దొరికితే ఏం చేయాలన్నది ఇప్పటికీ తేలలేదు. పోయిన ఏడాది ఎంతో ఇష్టపడ్డ ఒక పార్కుని ఈ కారణంగానే వదులుకున్నాం. చిన్న టెంట్ ఉంటే వెళ్లేవాళ్లం.

ఇప్పుడు దాని పరిస్థితి: కొత్త పోల్స్ బాగున్నాయి. ముందు తలుపు జిప్పు మూల దగ్గర పట్టేస్తుంది, కొవ్వొత్తి మైనం రాస్తే జారుతుంది. ఒకసారి తడిగా మడిచి నాలుగు రోజులు వదిలేసినందుకు నేల గుడ్డ పూత ఒక పక్క జిగటగా మారి వాసన వస్తోంది. అది బాగయ్యేది కాదు. ఇంకో రెండేళ్లు లాగుతుందనుకుంటున్నాను.

కొనమంటారా అంటే, మాలాగా కారు పక్కనే టెంట్ వేసుకునేవాళ్లు, ఐదేళ్ల లోపు పిల్లలున్నవాళ్లు, ఒకేచోట మూడు రాత్రులైనా ఉండేవాళ్లు అయితే తీసుకోవచ్చు. పోల్స్ అల్యూమినియంవి దొరికితే అవే చూడండి. రోజుకో చోటు మారేవాళ్లకి, మోసుకుని నడిచేవాళ్లకి, ఎదిగిన పిల్లలున్నవాళ్లకి ఇది బరువు. మా చిన్నవాడికి ఇప్పుడు ఆరేళ్లు నిండాయి. అయినా ఐదింటికే లేస్తాడు. లోపలి జిప్పు తనే తీసుకుని వెళ్లి వసారాలో కూర్చుంటాడు. పోయిన నెల నాకు మెలకువ వచ్చి సందులోంచి చూస్తే, దుప్పటి కప్పుకుని, గడ్డం మోకాళ్లమీద ఆనించి, తాడు వైపు చూస్తున్నాడు.