నాలుగేళ్ల వాడకం తర్వాత నా వెదురు విల్లు

అచ్చంపేటలో మా ఇంటి దూలానికి వేలాడుతున్న ఈ విల్లు నేను చేసినవాటిలో మూడోది. మొదటి రెండూ విరిగాయి. ఇది నాలుగేళ్లు నిలిచింది.

నల్లమల చెంచుల విల్లంబులు చూసి పట్టిన పిచ్చి ఇది. అమ్రాబాద్ అడవిలో గెడ కొట్టే ఆలోచన పెట్టుకోలేదు, అది పులుల రిజర్వు. మేదరి తాత దగ్గర గట్టి వెదురు కొని, ఆరు నెలలు నీడన ఆరబెట్టి, అయిదున్నర అడుగుల బద్ద తీశాను. సాగుడుకు తట్టుకునే నార పైతోలు వైపు ఉంటుంది కాబట్టి ఆ వైపు గురికి ఎదురుగా ఉండాలి. చెక్కేదంతా లోపలి వైపే.

"గణుపు జోలికి పోకు బిడ్డా, ఆడ్నే ఇరుగుతది" అన్నాడు తాత. నున్నగా ఉండాలని గీకాను. మొదటిది అక్కడే విరిగింది.

రెండోది తొందరకు పోయింది. మందం పదో వంతు తగ్గితే బలం పావు వంతుకు పైగా పడిపోతుంది. బాడిశతో ఒక కొమ్మను, అంటే పట్టుకునే చోటుకు ఒక పక్కనున్న సగాన్ని, పలచన చేసేసరికి అక్కడే మడత పడింది. మూడోదానికి సీసా పెంకే వాడాను. పదిసార్లు గీకడం, నారి ఎక్కించి లాగడం, రెండు కొమ్మలూ ఒకేలా వంగుతున్నాయా అని దూరం నుంచి చూడటం. ఇలా పన్నెండు ఆదివారాలు. "ఇంకెన్ని రోజులు గీకుతరు? చీపురుపుల్ల మిగుల్తది" అని మా ఆవిడ.

కొక్కెం కాటాతో చూస్తే 26 అంగుళాల లాగుడుకు మొదట్లో 15 కిలోలు, ఇప్పుడు 12. నారి విప్పినా రెండు వేళ్ల వంపు ఉండిపోయింది. ఒక ఎండాకాలం వారం రోజులు నారి విప్పకుండా వదిలేశాను, తప్పు నాదే. అయినా ఇరవై గజాల్లో గడ్డి కుక్కిన గోనె సంచిలో బాణం బాగానే దిగుతుంది. వానాకాలం మాత్రం తేమకు మెత్తబడి బాణాలు కిందికి పోతాయి. నువ్వుల నూనె రాస్తే కొంత నయం.

జనపనార నారి చూడముచ్చటగా ఉండేది కానీ ఊరికే తెగేది. నైలాన్ సాగింది. ఇప్పుడు మైనం రుద్దిన పాలిస్టర్ దారం, దానితో పేచీ లేదు.

మొన్న మా మేనల్లుడు బాణం పెట్టకుండానే నారి లాగి వదిలాడు. బాణంతో పోవాల్సిన బలమంతా విల్లుకే తగిలి పై కొప్పు (నారి తగిలించే కొస) దగ్గర వెంట్రుకంత చీలిక వచ్చింది. దారం చుట్టి బంక పట్టించాను గానీ, కిర్రుమనగానే చెయ్యి 24 అంగుళాల దగ్గరే ఆగిపోతోంది. కొత్త గెడ ఆరుతోంది, ఇది నాలుగో నెల.